పెరుగు బాక్టీరియాతో టీకా వేయొచ్చా?

నేను కురుపాం నుంచి మాట్లాడుతున్నాను. ముందు మీ ఎడమ భుజం ఒకసారి చూసుకోండి. చిన్న మచ్చ ఉందా? అది బీసీజీ టీకా గుర్తు. క్షయ నుంచి పసిబిడ్డల్ని కాపాడే ఆ టీకాలో ఉండేది బతికున్న బాక్టీరియానే. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఆవుల క్షయ బాక్టీరియాని 13 ఏళ్లు మళ్లీ మళ్లీ పెంచి, దాని బలం తగ్గించారు. 1921లో మొదటిసారి ఒక బిడ్డకి ఇచ్చారు. సూదితో కాదు, నోటి ద్వారా!

మరి అసలు జబ్బే చేయని బాక్టీరియాతో టీకా పంపితే? మజ్జిగ, చీజ్ తయారీలో వాడే లాక్టోకాకస్ లాక్టిస్ అలాంటిదే. దానిలో జబ్బు క్రిమికి చెందిన ఒక్క జన్యువు పెడతారు. అప్పుడది ఆ క్రిమి ప్రోటీన్ ముక్క ఒకటి తయారుచేస్తుంది. దొంగని ఊళ్లోకి తేకుండా, వాడి ఫొటో మాత్రం ఊరందరికీ చూపించినట్టన్నమాట. 1997లో ఇలాంటి బాక్టీరియాని ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే, ధనుర్వాతం విషాన్ని తట్టుకున్నాయి.

దీంతో మనకేంటి అంటారా? టీకాల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అందుకే మా కొండ గూడలకి ఏఎన్ఎం అక్క ఐస్ ప్యాకుల డబ్బా మోసుకుని ఎక్కుతుంది. బీసీజీ, మీజిల్స్-రూబెల్లా టీకాలైతే, పొడిని ద్రవంలో కలిపాక 4 గంటల్లో వేసేయాలి. మిగిలింది పారేయడమే. బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే ఇంకో బాక్టీరియా గట్టి గింజల్లాంటి స్పోర్లుగా మారి వేడిని తట్టుకుంటుంది. వాటితో టీకా చేయగలిగితే ఈ ఐస్ కష్టం తగ్గుతుందని పరిశోధకుల ఆశ.

చిక్కులూ ఉన్నాయి. రోజూ తిండితో వచ్చేవాటిని మన ఒళ్లు పెద్దగా పట్టించుకోదు. పైగా జన్యువు మార్చిన బాక్టీరియా బయటికి పోతే? 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, నెదర్లాండ్స్‌లో పేగు వాపు రోగులకి ఇలాంటి బాక్టీరియాతో మందు పంపి చూశారు. థైమిడిన్ అనే పదార్థం అందకపోతే అది చచ్చిపోయేలా ముందే మార్చి పెట్టారు.

ఇది విని మా పిన్ని, "అయితే పెరుగు తింటే చాలు కదరా, బిడ్డకి సూదెందుకు?" అంది. కాదు పిన్నీ! మన కుండలో పెరుగుకి ఆ జన్యువు లేదు. లాక్టోకాకస్‌తో చేసిన టీకా ఏదీ ఇంకా వాడకానికి రాలేదు. ఇవాళ బిడ్డని కాపాడేది అక్క డబ్బాలో ఉన్నదే.

టీకా రోజున పొలం పని కాసేపు ఆపి బిడ్డని తీసుకురండి. సీసా కలిపాక అక్క చేతిలో ఉండేది 4 గంటలే.