వీడియో చిత్రీకరణకు మిర్రర్‌లెస్ కెమెరా

మిర్రర్‌లెస్ కెమెరా అనగా కటకాలను మార్చుకొనే వీలుండి, లోపల దర్పణం లేని డిజిటల్ కెమెరా. ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో కటకం గుండా వచ్చిన కాంతిని ఒక అద్దం పైకి మళ్ళించి కంటికి చేరుస్తుంది. ఫోటో తీసే క్షణంలో మాత్రం ఆ అద్దం పక్కకు తొలగుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాలో కాంతి ఎల్లప్పుడూ నేరుగా సెన్సారుపై పడుతుంది. సెన్సారు చూసినదే తెరపై కనిపిస్తుంది. వీడియో తీయాలంటే ఎస్.ఎల్.ఆర్.లో కూడా అద్దాన్ని ఎత్తి ఉంచక తప్పదు, అప్పుడు కంటికి ఆనించుకొనే గవాక్షం చీకటై నిరుపయోగమవుతుంది. అందుచేత వీడియోకు సంబంధించినంతవరకు అద్దం అనవసరపు బరువు. తన దైనందిన జీవితాన్ని, ప్రయాణాలను, వంటలను, పాఠాలను తానే చిత్రీకరించి అంతర్జాలంలో ఉంచే వీడియో దినచర్యను వ్లాగు అంటారు. వ్లాగులు తీసేవారిలో ఈ కెమెరాలకు విశేష ఆదరణ ఉంది.

చరిత్ర

ఈ చరిత్రలో 2008వ సంవత్సరం ముఖ్యమైనది. ఆ ఏడాది ఆగష్టులో వెలువడిన నికాన్ డి90 వీడియో తీయగల మొదటి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కొద్ది వారాలకే కెనాన్ 5డి మార్క్ 2 పూర్తి హెచ్.డి. వీడియోతో వచ్చింది. అదే కాలంలో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని ప్రకారం తయారైన మొదటి కెమెరా పానసోనిక్ జి1. విచిత్రమేమంటే ఇందులో వీడియో సదుపాయమే లేదు. 2009లో వచ్చిన జిహెచ్1 ఆ లోటు తీర్చింది. 2010లో సోనీ ఎన్.ఇ.ఎక్స్. శ్రేణిని, 2013లో 35 మి.మీ. ఫిల్ము పరిమాణపు సెన్సారుగల ఎ7ను విడుదల చేసింది. 2014లో పానసోనిక్ జిహెచ్4 తన కార్డుపైనే 4కె వీడియోను భద్రపరచగలిగింది. నికాన్, కెనాన్ సంస్థలు తమ పూర్తి ఫ్రేము మిర్రర్‌లెస్ కెమెరాలను 2018లో గాని తేలేదు. వ్లాగర్లను దృష్టిలో ఉంచుకొని చేసిన చిన్న కెమెరాలలో సోనీ జడ్‌వి-ఇ10 (2021), నికాన్ జడ్30 (2022), కెనాన్ ఆర్50 (2023) చెప్పుకోదగినవి.

సెన్సారు, దృశ్య విస్తీర్ణం

పూర్తి ఫ్రేము సెన్సారు కొలత 36 × 24 మి.మీ. ఎ.పి.ఎస్.-సి అనే మధ్యరకం సుమారు 23.5 × 15.6 మి.మీ. (కెనాన్ వారిది ఇంకొంచెం చిన్నది). మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మి.మీ., అనగా వైశాల్యంలో పూర్తి ఫ్రేములో దాదాపు నాలుగో వంతు. సెన్సారు పెద్దదైనకొద్దీ మసక వెలుతురులో చిత్రం శుభ్రంగా వస్తుంది, వెనుక దృశ్యాన్ని మసకబార్చడం తేలికవుతుంది. అయితే కటకాల బరువు, ధర కూడా పెరుగుతాయి.

కొత్తగా కొనేవారు తరచు పొరపడేది దృశ్య విస్తీర్ణం విషయంలో. సెన్సారు చిన్నదైతే అదే కటకం తక్కువ భాగాన్ని చూస్తుంది. 16 మి.మీ. కటకం ఎ.పి.ఎస్.-సి కెమెరాపై పూర్తి ఫ్రేములోని 24 మి.మీ. కటకంతో సమానం. చేయి చాచి కెమెరాను తనవైపు తిప్పుకొంటే ముఖానికి, కటకానికి మధ్య దూరం సుమారు 60 సెం.మీ. ఆ దూరంలో 24 మి.మీ. సమాన కటకం 90 సెం.మీ. వెడల్పును చూస్తుంది. ముఖం, భుజాలు, వెనుక కొంత పరిసరం పడతాయి. కాని ఎలక్ట్రానిక్ కుదుపు నియంత్రణను ఆన్ చేస్తే కెమెరా చిత్రపు అంచులను కత్తిరిస్తుంది. విస్తీర్ణం 35 మి.మీ. సమానానికి కుంచించుకుపోతే వెడల్పు 62 సెం.మీ.కు పడిపోయి, తెరనిండా ముఖమే మిగులుతుంది. కనుక కెమెరాతో కలిపి అమ్మే 16-50 మి.మీ. కటకం నడుస్తూ మాట్లాడే వ్లాగుకు చాలదు. 10 లేదా 11 మి.మీ. నుండి మొదలయ్యే కటకానికి కూడా ముందే సొమ్ము కేటాయించుకోవాలి.

ఫ్రేముల వేగం, దీపాల మిణుకు

వీడియో అనగా వెంటవెంటనే తీసిన నిశ్చల చిత్రాల వరుస. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్‌జ్ పౌనఃపున్యంలో ఉంటుంది. దీనిపై వెలిగే ట్యూబులైట్లు, అనేక ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియకపోయినా కెమెరాకు తెలుస్తుంది. షట్టరు వేగం సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు ఉంటే ప్రతి ఫ్రేములోను సరిగ్గా పూర్తి మిణుకులే పడతాయి కనుక వెలుగు నిలకడగా ఉంటుంది. 60వ వంతు పెడితే నల్లని పట్టీలు తెరపై పాకుతూ కనబడవచ్చు. అందువలన మన దేశంలో 25 లేదా 50 ఫ్రేముల వేగాన్ని ఎంచుకోవడం క్షేమం.

అమెరికాలో సరఫరా 60 హెర్ట్‌జ్. అక్కడి తెలుగువారు తమ కెమెరాను 30 లేదా 60 ఫ్రేములకు అమర్చుకొని వాడుకుంటారు. అదే అమరికతో స్వదేశంలో పెళ్ళి చిత్రీకరించినప్పుడు కల్యాణ మంటపపు దీపాలు వీడియోలో వణుకుతాయి. ముహూర్తం మళ్ళీ రాదు, ఆ వణుకును తరువాత పూర్తిగా తొలగించడమూ కష్టమే. అధిక భాగం కెమెరాల మెనూలో ఎన్.టి.ఎస్.సి. నుండి పాల్‌కు మార్చే వీలుంటుంది. కొనేటప్పుడే ఇది ఉన్నదో లేదో చూసుకోవాలి. లేనిచోట 30 ఫ్రేములే ఉంచి షట్టరును 50వ లేదా 100వ వంతుకు మార్చినా చాలావరకు పని జరుగుతుంది. అలంకరణకు వాడే చవకరకం ఎల్.ఇ.డి.లు వేరే వేగాలలో మిణుకుతాయి. వాటికోసం షట్టరును సూక్ష్మంగా సవరించే సదుపాయం కొన్ని కెమెరాలలో ఉంది.

కదలిక సహజంగా కనబడాలంటే షట్టరు తెరచి ఉండే కాలం ఫ్రేము కాలంలో సగం ఉండాలన్నది సినిమా ఛాయాగ్రాహకుల పాత నియమం. 25 ఫ్రేములకు 50వ వంతు అన్నమాట. ఈ నియమానికి ఎండ పెద్ద అడ్డంకి. నడి ఎండలో ఐ.ఎస్.ఓ. 100, షట్టరు 50వ వంతు పెట్టుకుంటే ఎపర్చరు ఎఫ్/22 వద్ద ఉండాలి. వెనుక దృశ్యం మసకబారాలని ఎఫ్/2.8కు తెరిస్తే కావలసినదానికన్నా 64 రెట్లు కాంతి లోనికి వస్తుంది. దాన్ని తగ్గించేందుకు కటకం ముందు బిగించే నల్లద్దాన్ని ఎన్.డి. ఫిల్టరు అంటారు. అనుబంధ సామగ్రిలో మొదట కొనదగినది ఇదే.

కుదుపు నియంత్రణ

కెమెరా లోపల సెన్సారునే కదిలించి చేతి వణుకును సరిచేయడం మొదటి పద్ధతి. కటకంలోని గాజును కదిలించడం రెండవది. అంచులను కత్తిరించి లెక్కలతో సరిచేయడం మూడవది. జడ్‌వి-ఇ10, జడ్30, ఆర్50 మూడింటిలోను మొదటి పద్ధతి లేదు. సోనీ ఎ6700, ఫుజిఫిల్మ్ ఎక్స్-ఎస్20, పానసోనిక్ ఎస్5 2 వంటి ఖరీదైన కెమెరాలలో ఉంది. నిలబడి తీసేవారికి సెన్సారు కదిలే పద్ధతి ఎంతో మేలు. నడిచేటప్పుడు పడే అడుగుల కుదుపును మాత్రం ఇది పూర్తిగా అణచలేదు. అందుకు గింబల్ కావాలి, లేదా నడకలో మాట్లాడే అలవాటు మానుకోవాలి.

సెన్సారు చిత్రాన్ని పైనుండి కిందికి వరుస వరుసగా చదవడం వల్ల మరొక దోషం కలుగుతుంది. రైలు కిటికీలోంచి తీసిన దృశ్యంలో కరెంటు స్తంభాలు ఏటవాలుగా ఒరిగి కనిపించడం దీనివల్లనే. సెన్సారును వేగంగా చదవగల కెమెరాలలో ఇది తక్కువ.

ఫోకసు, తెర

ఒంటరిగా చిత్రీకరించుకొనేవారికి ఫోకసు సరిచేసే సహాయకుడు ఉండడు. కాబట్టి ముఖాన్ని, కన్నును గుర్తించి వెంటాడే స్వయం ఫోకసు వారికి ప్రాణం వంటిది. సెన్సారుపైనే దశాభేదాన్ని కొలిచే పద్ధతి ఇందుకు మేలైనది. కెనాన్ దీనిలో తనదైన విధానాన్ని 2013లో 70డితో ప్రవేశపెట్టింది. పానసోనిక్ చాలాకాలం చిత్రపు స్పష్టతను బట్టి ఊహించే పద్ధతినే నమ్ముకొని, 2023లో ఎస్5 2తో దారి మార్చింది. వాడిన పానసోనిక్ కెమెరా కొనేవారు ఈ తేడాను గమనించాలి. తెర పక్కకు తెరుచుకొని ముందుకు తిరిగేదై ఉండాలి. పైకి తిరిగే తెరకు, పైన బిగించే మైకు అడ్డం వస్తుంది.

శబ్దం

చిత్రం కొంచెం మసకగా ఉన్నా ప్రేక్షకుడు సహిస్తాడు, మాట వినబడకపోతే మరో వీడియోకు పోతాడు. కెమెరా లోపలి మైకు గాలి హోరును, కటకం మోటారు చప్పుడును, గది ప్రతిధ్వనిని అన్నిటినీ సమంగా పట్టుకుంటుంది. మైకుకు, నోటికి మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, చుట్టుపక్కల రొద మాత్రం అలాగే ఉంటుంది. రెండు మీటర్ల దూరాన ఉన్న ఖరీదైన మైకు కన్న చొక్కాకు తగిలించిన చవక మైకు మెరుగనిపించడానికి కారణం ఇదే. కట్టెల పొయ్యి మీద ఆరుబయట వంట చేసే వీడియోలలో పోపు చిటపటలు కూడా కథలో భాగమే కనుక, వాటికోసం పొయ్యికి దగ్గరగా రెండో మైకు పెట్టి విడిగా రికార్డు చేయడం మంచిది. మైకుపై బొచ్చు తొడుగు లేనిదే ఆరుబయట పని జరగదు.

మైకు తగిలించే 3.5 మి.మీ. రంధ్రం లేని కెమెరాను ఈ పనికి ఎంత చవకైనా కొనరాదు. హెడ్‌ఫోను రంధ్రం కూడా ఉంటే మంచిది. జడ్‌వి-ఇ10లో అది ఉంది, జడ్30, ఆర్50లలో లేదు. వినకుండా రికార్డు చేసినవారికి మైకు తీగ వదులైన సంగతి ఇంటికి వెళ్ళాక గాని తెలియదు.

వేడిమి, నిడివి

అధిక స్పష్టతగల వీడియో తీస్తున్నప్పుడు సెన్సారు, ప్రాసెసరు వేడెక్కుతాయి. హద్దు మీరితే కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 8కె వీడియోను 23 డిగ్రీల వాతావరణంలో సుమారు 20 నిమిషాలే తీయగలదని తయారీదారే ప్రకటించడం అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. చాలా కెమెరాలకు తయారీదారులు సూచించే ఉష్ణోగ్రత 0 నుండి 40 డిగ్రీలు. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటిచోట్ల నీడలోనే ఈ హద్దు దాటిపోతుంది. అటువంటి ఎండలో తెరను కెమెరా వీపు నుండి దూరంగా తెరచి ఉంచడం, గొడుగు పట్టడం, 4కె బదులు హెచ్.డి.లో తీయడం ఉపశమనాలు. ఎస్5 2లో చల్లబరచే ఫ్యాను అమర్చి ఉంది.

పాత కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోవడానికి మాత్రం కారణం వేడి కాదు. అరగంట మించి తీయగలిగితే ఐరోపాలో వాటిని వీడియో కెమెరాలుగా లెక్కించి సుంకం విధించేవారు. తరువాతి కెమెరాలలో ఈ పరిమితి చాలావరకు తొలగింది. గంటసేపు సాగే పాఠమో హరికథో రికార్డు చేసేవారు ఈ సంగతిని తప్పక విచారించుకోవాలి.

ఫైళ్ళు, కార్డులు

ఒక్కొక్క రంగుకు 8 బిట్ల వీడియోలో 256 మెట్లు, 10 బిట్లలో 1024 మెట్లు ఉంటాయి. తీసింది తీసినట్లే ప్రచురించేవారికి 8 బిట్లు సరిపోతాయి. లాగ్ పద్ధతిలో పాలిపోయినట్లు తీసి, తరువాత రంగులు దిద్దేవారికి మాత్రం 10 బిట్లు అవసరం. లేకుంటే ఆకాశంలో చారలు తేలతాయి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అంటే 12.5 మెగాబైట్లు. గంటకు 45 గిగాబైట్లు. 128 గిగాబైట్ల కార్డు రెండు గంటల 50 నిమిషాలకు నిండుతుంది. కార్డుపై వి30 అనే గుర్తు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని తెలుపుతుంది, కనుక ఈ వీడియోకు అది చాలు. హెచ్.265 పద్ధతిలో భద్రపరచిన ఫైళ్ళు పాత కంప్యూటర్లలో నత్తనడక నడుస్తాయి. కెమెరాతోపాటు కంప్యూటరు కూడా మార్చవలసివస్తే బడ్జెటు తలకిందులవుతుంది.

ఎంపిక

పగటి వెలుతురులో తీసి, చూసేవారు కూడా ఫోనులోనే చూసే వీడియోలకు మంచి స్మార్ట్‌ఫోను, దానికొక మైకు చాలు. కెమెరా అవసరం మసక వెలుతురులోను, దూరపు దృశ్యాలలోను, గంటల తరబడి పనిలోను తెలుస్తుంది. ఒకచోట కూర్చొని పాఠాలు చెప్పే ఉపాధ్యాయునికి సెన్సారు కుదుపు నియంత్రణ అక్కరలేదు. ఎ.పి.ఎస్.-సి చిన్న కెమెరా, ముక్కాలి పీట, యు.ఎస్.బి. ద్వారా నిరంతర విద్యుత్తు, రెండు దీపాలు ఉంటే చాలు. యాత్రలు చేసేవారికి బరువే ప్రధానం కనుక మైక్రో ఫోర్ థర్డ్స్ ఇప్పటికీ పరిశీలించదగినది. పెళ్ళిళ్ళు తీసి జీవనం సాగించేవారు రెండు కార్డులపై ఒకేసారి రాయగల కెమెరాను కోరుకోవాలి. ఒక కార్డు చెడితే తిరిగి తీయడానికి తలంబ్రాలు మళ్ళీ పోయించలేరు.

కెమెరాలు మూడు నాలుగేళ్ళకే పాతబడతాయి, మంచి కటకాలు మాత్రం దశాబ్దాలు పనిచేస్తాయి. అందువలన కెమెరాను ఎంచుకొనే ముందు దాని కటకపు మౌంటుకు దొరికే కటకాలను, వాటి ధరలను విచారించడం మేలు. సోనీ ఇ, మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్లకు ఇతర సంస్థల చవక కటకాలు విస్తారంగా ఉన్నాయి. అద్దం లేనందున మిర్రర్‌లెస్ కెమెరాలలో కటకానికి, సెన్సారుకు నడుమ దూరం తక్కువ. కెనాన్ పాత ఇ.ఎఫ్. మౌంటులో అది 44 మి.మీ., కొత్త ఆర్.ఎఫ్.లో 20 మి.మీ. మిగిలిన చోటులో అడాప్టరు అమర్చి ఇంట్లో ఉన్న పాత ఎస్.ఎల్.ఆర్. కటకాలను వాడుకోవచ్చు. పాత ఫిల్ము కెమెరాల కటకాలను కూడా ఇలాగే బిగించవచ్చు, కాని వాటికి ఫోకసు చేతితోనే తిప్పుకోవాలి.