ఇత్తడి బిళ్లతో విమానాలకు వైద్యం!

హిందూపురం నుంచి ధర్మవరానికి పట్టుచీరలకని స్కూటర్ మీద వెళ్తుంటే పెనుకొండలో బండి ఆగిపోయింది. ఇంజిను వేడెక్కిందన్నారు మావారు. "కాదక్కా, పెట్రోలు ఓవర్‌ఫ్లో" అన్నాడు మెకానిక్.

నేలమీద కాబట్టి సరిపోయింది. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాలకు ఆకాశంలోనే ఈ తంటా! శత్రువును తరుముతూ ముక్కు చటుక్కున కిందికి దించితే కార్బొరేటర్‌లో పెట్రోలు అదుపు తప్పి ఇంజిను ఆగేది. పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న జర్మన్ మెస్సర్‌ష్మిట్ తప్పించుకుపోయేది.

విరుగుడు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు. 1934లోనే మోటార్‌సైకిల్‌ను గంటకు 100 మైళ్లు దాటించిన ఘటికురాలు లెండి! మధ్యలో బెజ్జమున్న చిన్న ఇత్తడి బిళ్ల పెట్టి పెట్రోలును కట్టడి చేశారావిడ. 1941లో తన బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి అమర్చారు. తలకిందులుగా ఎగిరితే మాత్రం ఇంజిను ఇంకా మొరాయించేది. ఆ బాధ తర్వాతొచ్చిన కొత్త కార్బొరేటర్లతో తీరింది.