ప్రయోగశాల నుంచి మేస్త్రి చేతికి: తక్కువ కార్బన్ నిర్మాణం, పరిశోధన భాగస్వామ్యాలు, ఉపాధి

తిరువూరు ప్రాంతంలో, నెమలి, గంపలగూడెం వంటి ఊళ్ళలో ఇల్లు కడుతున్న స్థలం దగ్గర సాధారణంగా రెండు రకాల ఇటుకలు కనిపిస్తాయి. ఒకటి బట్టీలో కాల్చిన ఎర్ర ఇటుక. రెండోది కాల్చనిది, సిమెంటు రంగులో ఉండేది. దాన్ని మనం బూడిద ఇటుక అంటాం. ఈ రెండో ఇటుక వెనక ఒక పరిశోధన చరిత్ర ఉంది. ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన గ్రామంలో గోడగా, అక్కడి యువతకు ఉపాధిగా మారడానికి ఏమేమి జరగాలో ఆ చరిత్ర ద్వారా ఈ భాగంలో తెలుసుకుందాం.

ముందుగా అసలు సమస్య ఏమిటో చూడండి. సిమెంటుకు మూలం క్లింకర్. సున్నపురాయిని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే క్లింకర్ వస్తుంది. కొలిమికి బొగ్గు కావాలి కాబట్టి పొగ వస్తుందని అందరికీ తెలుసు. చాలామంది గమనించనిది మరొకటుంది. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. వేడికి అది విడిపోయినప్పుడు రాయిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఒక టన్ను స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కొలిమిని సౌరశక్తితో నడిపినా ఈ 440 కిలోలు తగ్గవు. ప్రపంచం విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా సుమారు 7 నుంచి 8 శాతం. అందువల్ల క్లింకర్‌ను తక్కువగా వాడటమే పరిశోధకుల ముందున్న ప్రధాన మార్గం.

బూడిద ఇటుక కథ

ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం మీకు తెలిసినదే. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. వంద కిలోల బొగ్గు కాలిస్తే ముప్పై, నలభై కిలోల బూడిద మిగులుతుంది. ఈ బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. సున్నం, నీరు చేరితే అవి నెమ్మదిగా చర్య జరిపి, సిమెంటు గట్టిపడినప్పుడు ఏర్పడే పదార్థం వంటిదాన్నే ఏర్పరుస్తాయి. ‘నెమ్మదిగా’ అన్నదే ఇక్కడ ఇబ్బంది. అచ్చు నుంచి తీసిన ఇటుక త్వరగా గట్టిపడకపోతే వ్యాపారం సాగదు. విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ అనే పరిశోధన సంస్థలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం మిశ్రమాన్ని ‘ఫాల్-జి’ పేరుతో అభివృద్ధి చేశారు. జిప్సం చేరడంతో తొలి రోజుల్లోనే బలం వస్తుంది. బట్టీ అక్కర్లేదు, తడుపు ఉంటే చాలు. తరువాతి కాలంలో ఫాల్-జి ఇటుకల చిన్న యూనిట్లు తగ్గించిన కార్బన్‌ను ప్రపంచ బ్యాంకు నిర్వహించిన నిధి కొనుగోలు చేసింది.

అయితే మంచి మిశ్రమం దొరికినంత మాత్రాన ఇటుక అమ్ముడుపోదు. ప్రభుత్వ ఇంజనీరు దాన్ని అంచనాల్లో రాయాలంటే ప్రమాణం కావాలి. బూడిద-సున్నం ఇటుకలకు ఐఎస్ 12894 అనే భారతీయ ప్రమాణం వచ్చింది, 2002లో దాన్ని సవరించారు. ఇక చట్టం. థర్మల్ కేంద్రాల నుంచి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద వాడాలని 1999లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటన చేసింది. ఆ దూరాన్ని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. నెమలి చుట్టూ వంద కిలోమీటర్ల వృత్తం గీస్తే ఇబ్రహీంపట్నం, పాల్వంచ థర్మల్ కేంద్రాలు రెండూ అందులోకి వస్తాయి.

ఇంత జరిగినా గ్రామంలో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది: “బూడిద ఇటుక గోడకు పగుళ్ళు వస్తాయండీ.” ఇది ఉత్త అపోహ కాదు. రెండు, మూడు వారాలు తడిపి, ఆరనిచ్చిన తరువాత అమ్మవలసిన ఇటుకను గిరాకీ ఉందని తొందరగా లారీ ఎక్కిస్తే, గోడలో చేరాక అది కుదించుకుపోతుంది. దాంతో పగులు కనిపిస్తుంది. ఎర్ర ఇటుకను నానబెట్టిన అలవాటుతో మేస్త్రి దీన్నీ అతిగా నానబెట్టినా అదే ఫలితం. మరో సంగతి. నేడు చాలా యూనిట్లలో సున్నం, జిప్సం స్థానంలో సిమెంటు వాడుతున్నారు. బూడిద, క్రషర్ డస్టు, సిమెంటు కలిపి అచ్చు వేస్తారు. సిమెంటు పెరిగినకొద్దీ కార్బన్ పొదుపు తగ్గుతుంది. పేరు బూడిద ఇటుకే అయినా మిశ్రమం ఏమిటో అడగకుండా దాన్ని ‘పర్యావరణ హితం’ అనడం తొందరపాటని నా అభిప్రాయం.

విశ్వవిద్యాలయం చేయగలిగినది

ప్రయోగశాలకూ మేస్త్రికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడంలోనే విశ్వవిద్యాలయ భాగస్వామ్యాల అసలు విలువ ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కె.ఎన్. రెడ్డి 1974లో ‘అస్త్ర’ అనే విభాగాన్ని ప్రారంభించారు. గ్రామాలకు పనికివచ్చే సాంకేతికత దాని లక్ష్యం. తుమకూరు జిల్లా ఉంగ్రా గ్రామంలో విస్తరణ కేంద్రం పెట్టి, పరిశోధకులు అక్కడే పనిచేశారు. స్థానిక మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి, చేతి యంత్రంతో గట్టిగా నొక్కి, కాల్చకుండా తయారుచేసే మట్టి దిమ్మెలపై కె.ఎస్. జగదీశ్ తదితరులు ఏళ్ళ తరబడి కృషి చేశారు. ఏ మట్టిలో ఇసుక ఎంత ఉండాలి, యంత్రం మీద ఇద్దరు మనుషులు రోజంతా అలసిపోకుండా పనిచేయగలరా అన్న ప్రశ్నలకు సమాధానం ప్రయోగశాలలో కంటే పని జరిగే చోటే ఎక్కువగా దొరుకుతుంది.

బొగ్గు విద్యుత్తు తగ్గితే బూడిదా తగ్గుతుంది. అప్పుడేమిటి? ఈ ప్రశ్నకు ఒక సమాధానం ‘ఎల్‌సి3’ సిమెంటు. ఇందులో క్లింకర్ సగమే. సుమారు 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. బంకమట్టిని 700 నుంచి 850 డిగ్రీల వద్ద కాలిస్తే సరిపోతుంది. సున్నపురాయిని కాల్చడం లేదు కాబట్టి అందులోని కార్బన్ అందులోనే ఉంటుంది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోలిస్తే కార్బన్ విడుదల 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం, క్యూబాలోని లాస్ విల్లాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మన ఢిల్లీ, బొంబాయి, మద్రాసు ఐఐటీలు కలిసి దీనిపై పనిచేశాయి. స్విస్ ప్రభుత్వ అభివృద్ధి సంస్థ నిధులిచ్చింది. ఝాన్సీలో నమూనా భవనం కట్టారు. చివరికి 2023లో ఐఎస్ 18189 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. పరీక్షలకు, ప్రమాణానికి పట్టిన ఈ సంవత్సరాల కాలాన్ని ఏ ఒక్క కంపెనీ కూడా ఒంటరిగా భరించదు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి ఉంది, ద్వారకా తిరుమల ప్రాంతంలో బంకమట్టి నిక్షేపాలు ఉన్నాయి. కాబట్టి ఈ విషయం మనకు దూరపుది కాదు.

ఐఐటీ హైదరాబాద్, భువనేశ్వర్‌లోని కిట్ సంస్థ పరిశోధకులు వరిగడ్డి, చెరకు పిప్పి, పత్తి కట్టె వంటి వ్యవసాయ వ్యర్థాలను సున్నంతో కలిపి ‘బయో ఇటుక’ చేశారు. 2021లో ఐఐటీ ప్రాంగణంలో దానితో కాపలాదారు గది కట్టారు. పత్తి కట్టెను చేలోనే తగలబెట్టే రైతులున్న మన ప్రాంతానికి ఇది ఆశ కలిగించేదే. కాని ఆ గదిలో బరువు మోసింది ఇనుప చట్రం, ఇటుకలు కాదు. అది నమూనా మాత్రమే.

ఉపాధి సంగతి

ఇటుక మారితే పనీ మారుతుంది. తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తాయి. భార్యాభర్తలతో పాటు పిల్లలూ మట్టిలో దిగుతారు. వర్షాకాలంలో పని ఉండదు. షెడ్డు ఉన్న బూడిద ఇటుకల యూనిట్ ఏడాది పొడవునా నడవగలదు. యంత్రం నడిపేవారు, మిశ్రమం తూచేవారు, ఇటుకను నొక్కి బలం పరీక్షించేవారు కావాలి. అయితే ఈ పనులు బట్టీ కూలీకే దొరుకుతాయన్న హామీ లేదు. యంత్రం వచ్చిన చోట తక్కువ మందితో పని సరిపోతుంది. పైగా పొడి బూడిద ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితరులు 2008లో వెలువరించిన హరిత ఉద్యోగాల నివేదిక ప్రకారం, పర్యావరణానికి మేలు చేసే పని కార్మికుడికి గౌరవప్రదమైనదిగా కూడా ఉండాలి. ముఖానికి మాస్కు, చేతికి సరైన కూలి లేని పనిని ఆ లెక్కలో వేయలేం.

శిక్షణకు మనకు సంస్థలున్నాయి. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ పనివారికి, సూపర్వైజర్లకు శిక్షణ ఇస్తోంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టి దిమ్మెల ఇళ్ళను స్వయంగా చూడవచ్చు. ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరు గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా, కొందరు మేస్త్రి కుటుంబాల నుంచి వచ్చినవారుగా ఉంటారు. ప్రమాణం చదవగలిగి, మేస్త్రి మాట కూడా అర్థం చేసుకోగలిగే అలాంటివారి కొరతే ఇప్పుడు ఎక్కువ.

క్షేత్ర కృత్యం

మీకు దగ్గరలోని బూడిద ఇటుకల యూనిట్‌కు వెళ్ళండి. బూడిద ఎక్కడి నుంచి వస్తోంది, అందులో కలిపేది సున్నమా, సిమెంటా, ఎన్ని రోజులు తడుపుతున్నారు, బలం పరీక్ష ఎక్కడ చేయిస్తున్నారు అని యజమానిని అడగండి. అక్కడ పనిచేసేవారితో విడిగా మాట్లాడి, ఇంతకు ముందు ఏం పని చేసేవారో, ఇప్పుడు ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతోందో తెలుసుకోండి. ఆ తరువాత అవే ఇటుకలతో గోడ కడుతున్న మేస్త్రిని కలిసి, పగుళ్ళ గురించి ఆయన అనుభవాన్ని రాసుకోండి. మూడు కథనాల్లో తేడాలున్న చోట్లను రెండు పేజీల్లో వివరించి, అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతికి తీసుకురండి.