నేల కుంగినా తిరిగే షాఫ్టు

అమలాపురం చుట్టుపక్కల పునాది తవ్వితే చాలాచోట్ల తగిలేది నల్లటి బంకమన్ను. కాలవలు వదిలి చేలు నానినప్పుడు అది ఉబ్బుతుంది, కాలవలు కట్టేసి ఎండలు ముదిరాక బీటలు తీసి కుంగుతుంది. దాని మీద కట్టిన గోడ నెర్రె విచ్చితే కంటికి కనిపిస్తుంది. అదే నేల మీద నిలిపిన రైస్ మిల్లులోనో, కొబ్బరి పీచు మిల్లులోనో పొడుగాటి షాఫ్టు రవ్వంత వంకర పోతే మాత్రం బేరింగు వేడెక్కి మోత పెట్టేదాకా ఎవరికీ తెలియదు. ఇలాంటిచోట షాఫ్టును వెంట్రుకవాసి కదలనివ్వకూడదని పట్టుబట్టడం కంటే, ఒరిగినా ఓర్చుకునే గోళాకార బేరింగు పెట్టుకోవడమే తెలివైన పని.

లెక్క చూడండి. రెండు మీటర్ల ఎడంలో ఉన్న రెండు బేరింగుల్లో ఒకదాని కింద నేల సెంటీమీటరు దిగితే షాఫ్టు ఒరిగేది 0.29 డిగ్రీలు. మామూలు బాల్ బేరింగు ఓర్చుకునేది మహా అయితే డిగ్రీలో ఆరో వంతు. అది దాటితే బంతులు గాడి అంచును ఒరుసుకుని పెచ్చులు లేపుతాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌ది కూడా బంకనేలే. అక్కడి గామ్లెస్టాడెన్ బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్‌కు నేల కదిలి షాఫ్టులు వరస తప్పడం, బేరింగులు పోవడం తెగని తలనొప్పి. 1907లో ఆయన రెండు వరసల బంతులు పెట్టి, బయటి వలయం లోపలి ముఖాన్ని గోళంలో ముక్కలా మలిచాడు. షాఫ్టుతో పాటు లోపలి వలయం రెండు డిగ్రీలు ఎటు ఒరిగినా బంతులకు తగిలే వంపు మారదు, గోళం ఎటు తిప్పినా గోళమే కాబట్టి. ఎస్‌కెఎఫ్ కంపెనీ పుట్టింది ఈ బేరింగుతోనే, ఆ ఏడాదే.

ఒరిగితే సరిపోదు, బిగుతు సరిచేసుకునే వీలూ ఉండాలి. అందుకని బేరింగు రంధ్రాన్ని 12 మిల్లీమీటర్ల నిడివికి వ్యాసం 1 మిల్లీమీటరు మారేలా ఏటవాలుగా చేసి, షాఫ్టుకూ దానికీ మధ్య అదే వాలున్న చీలిక స్లీవు కూర్చోబెడతారు. నట్టు తిప్పి బేరింగును 0.6 మిల్లీమీటర్లు ఎక్కిస్తే లోపలి వలయం దాదాపు 0.05 మిల్లీమీటర్లు సాగి, బంతుల దగ్గరి ఖాళీ తగ్గుతుంది. చెయ్యి తిరిగిన ఫిట్టరు బయటి వలయాన్ని వేళ్లతో తిప్పి చూస్తాడు: తేలిగ్గా తిరగాలి, పక్కకు ఒంచబోతే కాస్త పట్టినట్టుండాలి. గట్టిగా ఉండాలని ఇంకో చుట్టు బిగిస్తే ఖాళీ పూర్తిగా పోయి, మిల్లు ఆడించగానే బేరింగు కాలుతుంది.

ఇంత తంటా దేనికి, పునాదే లోతుగా వేస్తే పోలేదా అంటారు. వెయ్యాల్సిందే. కానీ మోటారుకో దిమ్మె, మిల్లుకో దిమ్మె ఉన్నచోట రెండూ ఒకేలా దిగుతాయన్న హామీ ఏ పునాదీ ఇవ్వదు. ఇలాంటి బేరింగు ఉంటే ఫిట్టరు అలసత్వం పెరుగుతుందన్నది ఇంకా బరువైన అభ్యంతరం, అందులో నిజముంది. ఈ బేరింగు ఓర్చుకునేది కోణాన్నే. మోటారు షాఫ్టు, మిల్లు షాఫ్టు ఎదురెదురుగా లేకుండా పక్కకు జరిగితే అది చేసేదేమీ లేదు, ఆ పని కప్లింగుదో బెల్టుదో. పైగా బయటి వలయం లోపలి ముఖం వంపు చదునుగా ఉండడంతో బంతి ఆనే చోటు చిన్నది, మోసే బరువూ తక్కువే. ఆ లోటు తీర్చడానికే 1919లో ఆర్విడ్ పామ్‌గ్రెన్ బంతుల బదులు పీపా ఆకారపు రోలర్లు పెట్టాడు. పెద్ద మిల్లులకు అవే తగినవి. బజారులో చవగ్గా దొరికే దిమ్మె బేరింగులకు గోళం బయటివైపు ఉంటుంది. అవి బిగించేటప్పుడు ఒకసారి సర్దుకుంటాయి తప్ప, వంగిన షాఫ్టు చుట్టుచుట్టుకీ ఊగుతుంటే దాంతోపాటు ఊగలేవు. కొనేముందు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.