ఉప్పు పోగొట్టుకొన్న హల్లు

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో భూమి లోపలినుంచి త్రవ్వి తీసే బొగ్గు 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన నాటిది. ఆ బొగ్గు ఇమిడివున్న శిలల వరుసకు భూగర్భశాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలో 'గోండ్వానా' అని పేరు పెట్టారు. గోండుల అడవి అని దాని అర్థం. తరువాత ఆ పేరు ఒక ప్రాచీన మహాఖండానికే చెల్లింది. పేరిచ్చిన గోండులు నేటికీ గోదావరికి ఉత్తరాన ఆసిఫాబాదు, ఆదిలాబాదు ప్రాంతాలలో నివసిస్తున్నారు. అక్కడి కొండలలో వారికి పొరుగున కోలాములున్నారు. వీరి మాటలలో కూడ పూర్వకాలపు పొర ఒకటి నిలిచివున్నది. తెలుగు తన బాల్యంలో ఏమి పోగొట్టుకొన్నదో ఆ పొర చెపుతుంది.

ఉప్పు అనే మాటనే తీసుకొందాం. తెలుగులో ఉప్పు, తమిళ, మలయాళ, కన్నడ భాషలలోనూ ఉప్పే. ప్రాచీన సాహిత్యం గల నాలుగు భాషలూ ఏకకంఠంగా పలుకుతున్నప్పుడు, వీటికి తల్లి అయిన మూలద్రావిడ భాషలో కూడ ఈ మాట అచ్చుతోనే మొదలైవుంటుందని ఎవరికైనా తోస్తుంది. ఆ తల్లిభాషకు శాసనాలు లేవు, గ్రంథాలు లేవు. అది సుమారు 4,500 సంవత్సరాల నాటిదని 2018లో కొందరు పరిశోధకులు అంచనా వేశారు. పిల్లభాషలను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్ప దానిని తెలుసుకొనే దారి మరొకటి లేదు.

పోల్చిచూస్తే చిక్కు వచ్చిపడుతుంది. ఉప్పును కోలామీలో 'సుప్' అంటారు. గోండీలో 'సోవర్' అంటారు. బస్తరు ప్రాంతపు పర్జీ భాషలో అది 'చుప్'. మొదటి హల్లు వీరు కొత్తగా చేర్చుకొన్నదా, లేక మనం పోగొట్టుకొన్నదా?

దీనికి జవాబు ఆదిలాబాదు రాజగోండుల కులవ్యవస్థలోనే దొరుకుతుంది. వారిలో 'సగా' అనే నాలుగు పెద్ద విభాగాలున్నాయి: నాల్వెన్, సీవెన్, సార్వెన్, ఏర్వెన్. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అనే సంఖ్యలమీద ఏర్పడిన పేర్లివి. మన ఐదు, ఆరు అనే మాటలకు ఎదురుగా గోండీలో సకారం వున్నది. ఏడుకు ఎదురుగా లేదు. అచ్చుతో మొదలయ్యే ప్రతి మాటకూ సకారం తగిలించడం గోండుల అలవాటైతే ఏడును మాత్రం ఎందుకు విడిచిపెడతారు? ఇల్లును కోలాములు 'ఎల్ల' అంటారు, 'సెల్ల' అనరు. ఏ మాటకు హల్లు చేరాలో, ఏ మాటకు చేరకూడదో చెప్పగల సూత్రం ఏదీ కుదరదు. పోయిందనుకొంటే చిక్కు విడిపోతుంది. మూలద్రావిడంలో ఉప్పు, ఐదు, ఆరు చకారంతో మొదలయ్యేవి. ఏడు, ఇల్లు అచ్చుతో మొదలయ్యేవి. అందుచేత పండితులు ఉప్పుకు మూలరూపం '*చుప్' అని నిర్ణయించారు. ముందున్న నక్షత్రపు గుర్తుకు అర్థం, ఈ రూపం ఎక్కడా వ్రాసిపెట్టి లేదు, తర్కించి రాబట్టినది అని. భాషాశాస్త్రంలో ఓట్ల లెక్క చెల్లదు. నాలుగు పెద్ద భాషలు ఒకవైపు నిలిచినా, కొండమీది చిన్న భాష సాక్ష్యమే నెగ్గింది.

హల్లు ఎట్లా జారిపోతుందో కూడ గోండీయే చూపుతుంది. ప్రాంతాన్నిబట్టి ఈ మాట సోవర్, హోవర్, ఓవర్ అని మూడు విధాలుగా వినవస్తుంది. సకారం హకారమై, హకారం ఊపిరిలో కలిసిపోతుంది. సింధువును ఇరానీయులు హిందువు అన్నది ఇటువంటి మార్పువల్లనే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) గోండీ మాండలికాలలో ఈ మార్పు ఒక్కొక్క మాటకే ప్రాకుతూ ఎట్లా వ్యాపించిందో పరిశీలించి 1998లో వివరించారు.

తెలుగులో మరొక మార్పు జరిగింది. ఇ, ఎ లకు ముందున్న కకారం చకారమైంది. కన్నడంలో 'కివి' అయినది మనకు 'చెవి'. వారి 'కెరె' మన 'చెరువు'. కోలామీలో చెవి 'కెవ్'. పాత కకారం అక్కడ చెక్కుచెదరలేదు. అట్లాగైతే 'క్రింద' అనే మాట 'చింద' ఎందుకు కాలేదు? తమిళంలో దీనికి సాటియైన మాట 'కీళ్'. తెలుగులో రెండవ హల్లు ముందుకు దూకి కకారాన్ని అంటుకొని, రేఫగా మారింది. 'మరం' వంటి రూపం 'మ్రాను' అయినదీ ఇట్లాగే. క, ఇ ల నడుమ రేఫ అడ్డు నిలిచింది గనుక కకారం బ్రతికింది. అంటే దూకుడు ముందు, చకారం తరువాత. రెండు మార్పులలో ఏది పాతదో తేదీలేవీ లేకుండానే తేలింది. బొగ్గు గనిలో అడుగు పొర పాతదని చెప్పడం ఇంతకంటె సులభం! ఆ రేఫ తరువాత మాట్లాడే భాషలోనుంచి తప్పుకొన్నది: నేడు గనిలో క్రిందికి దిగి త్రవ్వేవారు 'కిందికి దిగి తవ్వుతున్నాం' అనే అంటారు.

ఇటువంటి పరిశోధన సాక్షులున్నంతవరకే సాగుతుంది. కాకసస్ పర్వతాల సర్కాసియను భాషలకు దగ్గరి చుట్టమైన ఉబిఖ్ భాషలో సుమారు 80 హల్లులుండేవి. దానిని ధారాళంగా మాట్లాడగల చివరి మనిషి తెవ్‌ఫిక్ ఎసెంచ్ 1992లో టర్కీలో మరణించాడు. జార్జ్ ద్యుమెజిల్ వంటి పండితులు ఆయనవద్ద కూర్చుని వ్రాసుకొన్నందువల్లనే, ఆ కుటుంబపు మూలభాషను ఊహించేవారికి ఉబిఖ్ సాక్ష్యం మిగిలింది.

2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషగా గలవారు దాదాపు 30 లక్షలు. కోలామీవారు లక్షకు కొంచెం పైన. కోలామీని సేతుమాధవరావు 1950లోను, ఎమెనో 1955లోను గ్రంథస్థం చేశారు. అప్పటికే కోలాముల లెక్కలో ఒకటి మొదలు నాలుగువరకే సొంత మాటలు. ఐదునుంచి పైకి తెలుగు అంకెలు వచ్చి చేరాయి. అందువల్ల వారి 'ఆర్' సకారం లేకుండానే వినిపిస్తుంది. అది సంతలో నేర్చిన మాట. ఉప్పును మాత్రం వారు ఇప్పటికీ సుప్ అనే అంటున్నారు.