అన్న కూతుళ్లు నలుగురు తమ్ముడి భార్యలు!

మనకు మేనమామను పెళ్లాడటం వింత కాదు. అన్న కూతురు మాత్రం కూతురి వరసే. ఏడో శతాబ్దపు జపాన్ రాజకుటుంబంలో ఈ లెక్క వేరు. తల్లి వేరైతే ఒకే తండ్రి బిడ్డలు సైతం పెళ్లాడవచ్చు. తెంజి చక్రవర్తి కూతుళ్లలో నలుగురు అతని సొంత తమ్ముడికే భార్యలయ్యారు. ఆ తమ్ముడే 673 నుంచి 686 దాకా ఏలిన తెన్ము. అతనికి మొత్తం 10 మంది భార్యలు, 17 మంది పిల్లలు.

తెంజి పోయాక 672లో సింహాసనం కోసం యుద్ధం జరిగింది. తెన్ముకు ఎదురునిలిచిన ఓతోమో అటు అన్న కొడుకు, ఇటు సొంత అల్లుడు. గెలిచింది తండ్రి, ఓడి ఉరేసుకున్నది భర్త. మధ్యలో మిగిలింది తెన్ము కూతురు తోచి. ఆమె తల్లి నుకతా ఆ కాలపు గొప్ప కవయిత్రి.

నలుగురు అన్న కూతుళ్లలో పట్టపురాణి అయినది ఉనో. ఆమెకు జబ్బు చేస్తే నయం కావాలని తెన్ము 680లో ఔషధ బుద్ధుడికి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. అదే యాకుషీజీ. రాణి కోలుకుంది; గుడి పూర్తి కాకముందే రాజు పోయాడు.

అంతకుముందే, 679లో, యోషినోలో ఆరుగురు రాకుమారుల చేత ఒకరికొకరు అండగా ఉంటామని తెన్ము ప్రమాణం చేయించాడు. ఆ మాట నిలవలేదు. తండ్రి పోయి నెల తిరక్కుండానే వారిలో ఒకడైన ఓత్సు మీద రాజద్రోహం మోపి ప్రాణం తీశారు. అతను ఉనోకు చనిపోయిన అక్క కొడుకు. అప్పుడు అధికారమంతా ఆ పినతల్లి చేతిలోనే ఉంది. ఓత్సు భార్య జుట్టు విరబోసుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి అతనితోపాటే ప్రాణం విడిచింది. ఈ కుటుంబ కథలో నన్ను వదలని దృశ్యం ఇదే. ఎవరి కోసం ఇంత జరిగిందని అనుమానిస్తారో ఆ కుసకబె, ఉనో ఒక్కగానొక్క కొడుకు, గద్దె ఎక్కకుండానే 689లో కన్నుమూశాడు.

మరుసటి ఏడు ఉనోయే జితో పేరుతో సింహాసనం ఎక్కింది. 697లో మనవడికి పట్టం కట్టి, విశ్రాంత చక్రవర్తి బిరుదు పొందిన తొలి వ్యక్తి అయింది. జపాన్ పాలకుల్లో దహనసంస్కారం కూడా మొదట జరిగింది ఆమెకే. అసుకలో భర్త సమాధిలోనే వెండి పాత్రలో ఆమె అస్థికలు ఉంచారు. 1235లో దొంగలు సమాధిని తవ్వి, వెండి పాత్ర తీసుకుని అస్థికలను దారిలో పారబోశారు.