కెమెరాలో ఇమేజ్ క్వాలిటీ ఏది పెట్టాలి? ఫైన్, బేసిక్, ‘రా’ తేడాలు ఇవే

కొత్త కెమెరా కొనేవాళ్లు లెన్స్ కోసం నెల రోజులు వెతుకుతారు గానీ, మెనూలో ఉండే ఇమేజ్ క్వాలిటీ జోలికి పోరు. పోయినా, కార్డు నిండిపోతోందని తగ్గించడానికే పోతారు. నేను చేసిన పనీ అదే.

2015 జులైలో గోదావరి పుష్కరాలకి మా ఇంటిల్లిపాదీ కోటిపల్లి రేవుకి వెళ్లాం. నేను అప్పుడు ఇంటర్. మావయ్య తన 24 మెగాపిక్సెల్ కెమెరా నా చేతికిచ్చాడు. అందులో ఉన్నది 8 జీబీ కార్డు. అందరి స్నానాలూ అయ్యేసరికి ఇంకో 9 ఫోటోలే పడతాయని చూపించింది. వెంటనే సైజు ‘ఎస్’, క్వాలిటీ ‘బేసిక్’ పెట్టేశాను. 9 కాస్తా వంద దాటింది. పెద్ద తెలివైన పని చేశాననుకున్నా. ఆ తర్వాతే తాతయ్య తర్పణాలు వదిలి మెట్లెక్కి వచ్చి, అందరి మధ్యలో నిలబడి, “మళ్లీ పుష్కరాలకి నేనుంటానో లేదో, బాగా తియ్యరా” అన్నారు.

పోయినేడాది తాతయ్య పోయారు. 12×18 అంగుళాల ఫ్రేము కోసం ఆ ఫోటోనే స్టూడియోకి తీసుకెళ్లాను. ఎక్కడ తప్పు జరిగిందో అక్కడ అర్థమైంది.

సైజు వేరు, క్వాలిటీ వేరు

ఈ రెండిటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. సైజు అంటే ఫోటోలో ఎన్ని పిక్సెళ్లు ఉండాలన్నది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ‘ఎల్’ పెడితే 6000×4000 పిక్సెళ్లు వస్తాయి. ‘ఎస్’ పెడితే పొడవు, వెడల్పు రెండూ సగానికి తగ్గుతాయి, అంటే మొత్తం పిక్సెళ్లలో పావు వంతే మిగులుతుంది.

మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. గోడ మీద దూరం నుంచి చూసేదైతే 150 ఉన్నా నడుస్తుంది. నా గ్రూప్ ఫోటోలో తాతయ్య ఉన్న భాగం కట్ చేస్తే వెడల్పు సుమారు 500 పిక్సెళ్లు. దాన్ని 12 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 42 కూడా రావు. అదే ‘ఎల్’లో తీసుంటే 1000 వచ్చేవి. పెద్ద ఫ్రేము కాకపోయినా చిన్న ఫ్రేముకి పనికొచ్చేది.

బేసిక్‌లో పోయేది ఏమిటి?

క్వాలిటీ అంటే జేపెగ్ ఎంత గట్టిగా కుదించాలన్నది. జేపెగ్ ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్న వివరాలను తీసేస్తుంది. నికాన్ కెమెరాల్లో ఫైన్ సుమారు 4 వంతులకి ఒక వంతు, నార్మల్ 8కి ఒకటి, బేసిక్ 16కి ఒకటి చొప్పున కుదిస్తాయి. మిగతా కంపెనీలు పేర్లు మార్చినా సూత్రం ఇదే.

దెబ్బ ముందు తగిలేది సన్న వివరాలకే. కోనసీమలో కొబ్బరాకులు, వరి చేలు బేసిక్‌లో తీసి చూడండి, ఆకులన్నీ కలిసిపోయి పచ్చరంగు పూసినట్టుంటాయి. మొహం మీద ముడతలూ, నెరిసిన గడ్డమూ అంతే.

ఇప్పుడు ఏఐతో పెద్దది చేయొచ్చు కదా అంటారు. నేనూ చేశాను. మొహం నున్నగా, స్పష్టంగా వచ్చింది. అమ్మ చూసి, “ఈయన నాన్నలా లేరు” అంది. నిజమే మరి. ఫైల్లో లేని సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, తిరిగి తీసుకురాలేదు. ఈ ముక్క రోజూ కోడ్ రాసే నాకు ముందే తట్టాల్సింది.

‘రా’ ఎప్పుడు?

‘రా’ ఫైల్ ధాన్యం లాంటిది, జేపెగ్ మిల్లు ఆడించిన బియ్యం. బియ్యం వెంటనే వండుకోవచ్చు, కానీ మళ్లీ ధాన్యం చేయలేం. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ ‘రా’లో 16,384. అందుకే రాజమండ్రిలో ఆర్చి బ్రిడ్జి వెనక సూర్యాస్తమయం తీసేటప్పుడు, ఆకాశం మెరిసిపోతూ ఆర్చీలు నల్లబడితే, ‘రా’లోంచి ఆ నీడల్ని చాలావరకు పైకి లాగొచ్చు. రంగు తేడా కొట్టినా, వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫైల్ 20 ఎంబీ పైనే ఉంటుంది, కంప్యూటర్లో డెవలప్ చేసుకోవాలి. వరసగా షాట్లు కొడితే కెమెరా బఫర్ త్వరగా నిండి ఆగిపోతుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభల్ని కాలవ దాటించేటప్పుడు అలా ఆగితే అసలు క్షణమే పోతుంది. అక్కడ జేపెగ్ ఫైనే మేలు.

నా సలహా

- మామూలుగా ఎప్పుడూ: సైజు ఎల్, క్వాలిటీ ఫైన్.
- పెళ్లిళ్లు, కష్టమైన వెలుతురు, ఇంటి పెద్దల ఫోటోలు: ‘రా’తో పాటు జేపెగ్.
- ఎస్, బేసిక్: బిల్లు, అడ్రసు బోర్డు లాంటివాటికి మాత్రమే.
- ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఒరిజినల్ దాచుకోండి.
- కార్డు నిండితే క్వాలిటీ తగ్గించకండి, కార్డు మార్చండి. ఫైన్ ఫోటో సుమారు 12 ఎంబీ అనుకున్నా 64 జీబీలో 5 వేలు పడతాయి.

2027లో మళ్లీ పుష్కరాలు. ఈసారి రేవులో అమ్మమ్మ పక్కన తాతయ్య ఉండరు. నా బ్యాగులో రెండు కార్డులుంటాయి. బయల్దేరే ముందు కెమెరా ఆన్ చేసి, మూలన ‘ఎల్’, ‘ఫైన్’ అని ఉందో లేదో చూసుకుంటాను. మీరూ ఇప్పుడే ఒకసారి చూసుకోండి.